జైలు, మాల్, పార్లమెంటు, పొలం: పేపే ముహీకా ఊళ్ళో

ఆదివారం

బ్యూనస్ ఐరెస్ నుంచి మోంటెవిడియోకి విమానం ఉంది. "అదెందుకు బాబాయ్, పడవెక్కు, రెండు గంటల పైచిలుకులో వచ్చేస్తావ్" అన్నాడు మా అన్నయ్య కొడుకు. వాడు అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. మన దేశపు పెద్ద ఐటీ కంపెనీ ఒకటి 2002లోనే మోంటెవిడియోలో ఆఫీసు పెట్టింది. సరేనని పడవే ఎక్కాను. రియో దె లా ప్లాతా నీళ్ళు మట్టిరంగులో ఉంటాయి, ఆవలి ఒడ్డు కనబడదు. నదో సముద్రమో తేల్చుకునేలోపే రేవు వచ్చేసింది.

నేను వచ్చింది ఉరుగ్వే మాజీ అధ్యక్షుడు హోసె ముహీకా తిరిగిన చోట్లు చూడటానికి. అక్కడ అందరూ పేపే అంటారు. వాట్సాప్ పుణ్యమా అని ఆయన మనకీ తెలుసు: 1987 నాటి నీలం రంగు బీటిల్ కారు, రేకుల కప్పు ఇల్లు, మూడు కాళ్ళ కుక్క, కింద "ప్రపంచంలోనే అతి పేద అధ్యక్షుడు" అన్న వాక్యం. ఆ ఫార్వర్డ్‌లో ఆయన తుపాకీ పట్టిన సంగతి ఉండదు. చట్టసభలో ఏళ్ళ తరబడి కూర్చుని ఓట్లు లెక్కపెట్టుకున్న సంగతి అసలే ఉండదు. ఆ రెండూ తీసేస్తే మిగిలేది ఒక మంచి ముసలాయన బొమ్మ. నాకు మాత్రం తీసేసిన భాగమే కావాలి.

ఆదివారం కాబట్టి మావాడు నేరుగా త్రిస్తాన్ నర్వాహా సంతకి తీసుకెళ్ళాడు. కూరగాయలతో మొదలై పాత పుస్తకాలు, తుప్పు పట్టిన తాళాలు, ఫోన్ చార్జర్ల దాకా వీధులు వీధులు సాగే సంత ఇది. సగం మంది చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే (వీళ్ళ చేదు ఆకుల టీ) బుర్ర. బేరం ఆడుతూ ఒక గుక్క, బేరం తెగాక ఇంకో గుక్క. పాత పుస్తకాల బల్ల మీద, ముహీకా తుపాకీ పట్టిన గెరిల్లా దళం తుపామారోల గురించిన పుస్తకాలు ఒక వరుస, వాళ్ళని తిట్టే పుస్తకాలు ఇంకో వరుస. రెండింటికీ ఒకడే అమ్మకందారు.

ముహీకా పుట్టింది ఈ నగరంలోనే, 1935 మే 20న, శివార్లలోని పాసో దె లా అరేనాలో. చిన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి, తను, చెల్లెలు. పూలు పండించి అమ్ముకున్న కుటుంబం. కుర్రతనంలో సైకిల్ పందేల పిచ్చి. రాజకీయాల్లో మొదటి అడుగు వామపక్షంలో కూడా కాదు, సంప్రదాయవాదుల నేషనల్ పార్టీలో, ఎన్రికే ఎర్రో అనే నాయకుడి వెంట. అరవైల్లో చెరకు కార్మికుల నాయకుడు రౌల్ సెందిక్ చుట్టూ చేరిన తుపామారో గెరిల్లా దళంలోకి వెళ్ళాడు. శ్రీకాకుళం కొండల్లో పోరాటం నడిచిన ఏళ్ళే ఇవి కూడా. కాకపోతే ఉరుగ్వేలో దాక్కోవడానికి కొండలు లేవు, దట్టమైన అడవులు లేవు, ఉన్నదంతా పచ్చిక మైదానం. అందుకని వీళ్ళు నగరాన్నే అడవి చేసుకున్నారు.

సోమవారం

పుంటా కరేతాస్ షాపింగ్. మంచి ఖరీదైన పేట, సముద్రతీరపు రోడ్డు పక్కనే. మాల్ ముఖద్వారం చూస్తే అనుమానం వస్తుంది, బట్టల కొట్లకి ఇంత దిట్టమైన గోడ ఎందుకని. ఇది జైలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కట్టారు, 1994లో మాల్‌గా తెరిచారు. పాత ద్వారాన్ని కూల్చకుండా లోపలికి కలిపేసుకున్నారు. పైన గాజు కప్పు, కింద కాఫీ బల్లలు. నేను కూర్చున్న బల్ల దగ్గర ఇద్దరు పిల్లలు ఐస్‌క్రీమ్ కోసం తల్లిని వేధిస్తున్నారు. జైలు చరిత్ర చెప్పే బోర్డు కోసం మేమిద్దరం చుట్టూ చూశాం. సెక్యూరిటీ అతన్ని అడిగితే ఫుడ్ కోర్టుకి దారి చూపించాడు.

1970 మార్చిలో ఒక బార్‌లో పోలీసులు చుట్టుముట్టినప్పుడు ముహీకా ఒంట్లోకి ఆరు తూటాలు దిగాయి. ఆస్పత్రిలో బతికి బయటపడ్డాక ఆయన్ని తెచ్చి పడేసింది ఇక్కడికే. ఖైదీలు గదికీ గదికీ మధ్య గోడల్లో కన్నాలు చేసుకుంటూ వచ్చారు. సొరంగం తవ్విన మట్టిని మంచాల కింద దాచారు. 1971 సెప్టెంబర్ 6 తెల్లవారుజామున 111 మంది వీధికి అవతల ఉన్న ఒక ఇంట్లో తేలారు. వాళ్ళలో 106 మంది తుపామారోలు. తవ్వుతుంటే మధ్యలో వీళ్ళకి ఇంకో పాత సొరంగం అడ్డం వచ్చింది. 1931లో అనార్కిస్టులు పారిపోవడానికి ఎదురుగా ఉన్న బొగ్గుల కొట్టులోంచి తవ్వింది అది.

ఆ వీధి దాటి అవతలకి వెళ్ళాం. ఇరుకు వీధి, పెద్ద చెట్లు, కుక్కని తిప్పుతున్న ఒకావిడ. మావాడు మాల్ గోడ దగ్గర నుంచి ఎదురు ఇళ్ళ దాకా అడుగులు వేసి చూశాడు. "ఇంతేనా బాబాయ్? మన అపార్ట్‌మెంట్ పార్కింగ్ అంత కూడా లేదు." నిజమే, పైన నడిస్తే అంతే. కింద బోర్లా పడుకుని చీకట్లో పాకితే ఎంతో వాళ్ళకే తెలియాలి.

ఈ కథకి జోడీ కథ ఒకటి ఉంది, అది మనవైపు ఎవరూ చెప్పరు. దీనికి రెండు నెలలు కూడా ముందు కాదు, జులైలో, ఇదే నగరంలోని ఆడవాళ్ళ జైలు నుంచి 38 మంది మురుగు కాలవల గుండా తప్పించుకున్నారు. వాళ్ళలో ఒకరు లూసియా తొపొలాన్‌స్కీ. తర్వాత ముహీకాతో కలిసి బతికింది, ఆయన రాజకీయాలకి సగం బుర్ర కూడా ఈవిడే అని నా అభిప్రాయం. పెళ్ళి చేసుకున్నది మాత్రం 2005లో.

ముహీకా మళ్ళీ దొరికాడు. 1972 ఏప్రిల్‌లో ఇదే జైలు నుంచి మళ్ళీ పారిపోయాడు, ఈసారి బయటివాళ్ళు తవ్విన సొరంగంలో, చక్రాలు బిగించిన చెక్కల మీద జారుకుంటూ. ఆ ఏడాదే ఆఖరిసారి పట్టుబడ్డాడు. ఆ తర్వాత ఏ సొరంగమూ అక్కరకు రాలేదు.

మధ్యాహ్నం తిండి దగ్గర కాస్త ఇబ్బంది. మనుషులు 35 లక్షలు, పశువులు కోటికి పైగా ఉన్న దేశంలో శాకాహారం అడిగితే పాపం వాళ్ళకే కంగారు. చివరికి పిజ్జా మీద ఫైనా వేసి ఇచ్చారు. శనగపిండితో ఓవెన్‌లో మందంగా కాల్చింది, మన దిబ్బరొట్టెకి దూరపు చుట్టం. ఆవకాయ ఉంటేనా!

మంగళవారం

పొద్దున్నుంచీ వాన. జ్ఞాపకాల మ్యూజియంకి వెళ్ళాం. 1973 జూన్ 27న అధ్యక్షుడు బోర్దబెర్రీ సైన్యంతో కలిసి పార్లమెంటు మూసేసిన దగ్గర్నుంచి 1985 దాకా నడిచిన నియంతృత్వం ఇందులో విషయం. ఖైదీలు చేత్తో చేసుకున్న చిన్న చిన్న వస్తువుల దగ్గర ఎక్కువసేపు ఆగాను. గోళ్ళతో, చెంచా కాడలతో చేసినవాటికి కూడా అంచులు నున్నగా అరగదీసి ఉన్నాయి. కావలసినంత తీరిక ఉన్నవాళ్ళ పనితనం.

ఆ సైనిక తిరుగుబాటు జరిగిన కొన్నాళ్ళకి సైన్యం తుపామారో నాయకుల్లో తొమ్మిది మందిని వేరుచేసి బందీలుగా ప్రకటించింది. బయట దళం ఏదైనా చేస్తే వీళ్ళని చంపేస్తామని. ముహీకా, సెందిక్, రచయిత మౌరీసియో రోసెన్‌కోఫ్, ఫెర్నాందెస్ ఉయిదోబ్రో అందులో ఉన్నారు. వీళ్ళని ఒక్కచోట ఉంచలేదు, బ్యారక్ నుంచి బ్యారక్‌కి తిప్పారు, మాట్లాడనివ్వలేదు, చదవనివ్వలేదు. పాసో దె లోస్ తోరోస్ బ్యారక్‌లో ముహీకాని ఉంచింది నేల కింద. చీమల్ని దగ్గరగా చెవి పెట్టి వింటే అరుస్తాయని తాను అక్కడే తెలుసుకున్నానని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పేవాడు. జనం దాన్ని కవిత్వంగా తీసుకుంటారు. నాకు మాత్రం మతి చలించిన మనిషి చెబుతున్న మాటగానే వినిపిస్తుంది. నిజానికి చలించింది కూడా. గదిలో రహస్య మైకులున్నాయని నమ్మాడు, లేని చప్పుళ్ళు విన్నాడు. చదువుకోవడానికి పుస్తకాలు ఇవ్వమని ఒక వైద్యురాలు పట్టుబట్టాక గాని తేరుకోలేదు.

మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మూత్రానికి బయటికి వెళ్ళనివ్వకపోతే తల్లి పిల్లల పాటీ ఒకటి తెచ్చిచ్చింది. బ్యారక్ మారినప్పుడల్లా దాన్ని వెంట తీసుకెళ్ళాడు. 1985 మార్చిలో విడుదలైనప్పుడు చేతిలో అదే పాటీ, కాకపోతే అందులో మట్టి నింపి పూలమొక్కలు నాటాడు.

ఇక్కడితో కథ ఆపితే అన్యాయం. తుపామారోలు 1970లో అమెరికన్ పోలీసు సలహాదారు డాన్ మిత్రియోనిని ఎత్తుకెళ్ళి చంపారు. 1971లో పాస్కాసియో బాయెస్ అనే పొలం కూలీ వాళ్ళ రహస్య స్థావరం అనుకోకుండా చూశాడు. చూశాడన్న ఒక్క కారణానికి మత్తుమందు ఇంజెక్షన్ ఇచ్చి చంపేశారు. కూలీల కోసం పుట్టిన దళం చేతిలో ఒక కూలీ. ఈ ఒక్క పేరు ఎత్తితే ఇప్పటికీ ఉరుగ్వేలో బల్ల చుట్టూ మాట ఆగిపోతుంది. ముహీకా అభిమానులు దీన్ని దాటేస్తారు, అది నాకు నచ్చదు.

మా ఇంటి ఓనరమ్మ, డెబ్బై దాటినావిడ, రాత్రి ఇదే మాట వేరేలా చెప్పింది. మావాడు తర్జుమా చేశాడు. "సైన్యం వచ్చాక ఈ కుర్రాళ్ళు తుపాకులు పట్టలేదు. తుపాకులు పట్టినప్పుడు ఇక్కడ ఎన్నికలున్నాయి, పార్లమెంటుంది. నీవాడికి చెప్పు, అది రాసుకోమను." రాసుకున్నాను.

బుధవారం

శాసనసభ భవనం, పలాసియో లెహిస్లాతివో. గైడుతో చూపిస్తారు. రంగురంగుల పాలరాళ్ళు ఎన్ని రకాలో గైడు చెబుతూనే ఉన్నాడు, నేను వినలేదు. నా ధ్యాసంతా లోపలి హాళ్ళ మీదే ఉంది, ఎందుకంటే ముహీకా జీవితంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే మలుపు ఇక్కడే ఉంది.

జైలు నుంచి వచ్చాక ఈయన, ఆ పాత దళం మనుషులు కొందరు ఎన్నికల దారి పట్టారు. 1989లో ఎంపీపీ (ప్రజా భాగస్వామ్య ఉద్యమం) అనే పార్టీ పెట్టి ఫ్రెంతె అంప్లియో అనే వామపక్ష కూటమిలో చేరారు. 1994 ఎన్నికల్లో గెలిచి దిగువ సభకి, ఆ తర్వాత సెనేట్‌కి. మొదట్లో స్కూటర్ మీద వచ్చేవాడట. 2005లో తబారే వాస్కెస్ ప్రభుత్వంలో పశుసంవర్ధక, వ్యవసాయ, మత్స్యశాఖ మంత్రి. అప్పుడు మాంసం కంపెనీలతో మాట్లాడి పేదవాళ్ళకి తక్కువ ధరకి పక్కటెముకల మాంసం అమ్మించాడు. ఈ దేశంలో ఓట్లు రాబట్టాలంటే ఇంతకన్నా సూటి దారి లేదు. 2009 నవంబర్‌లో మాజీ అధ్యక్షుడు లూయిస్ అల్బెర్తో లకాయె మీద రెండో రౌండ్‌లో 52 శాతానికి పైగా ఓట్లతో నెగ్గాడు. 2010 మార్చి 1న ఇదే భవనంలో ఆయన చేత ప్రమాణం చేయించింది, అత్యధిక ఓట్లు తెచ్చుకున్న సెనేటర్ హోదాలో, ఆయన భార్య లూసియాయే.

అయిదేళ్ళలో ఏం చేశాడంటే పెద్ద చట్టాలు మూడు. 2012లో గర్భస్రావం చట్టబద్ధం. 2013లో స్వలింగ వివాహం. అదే ఏడాది డిసెంబర్‌లో గంజాయి పెంపకం, అమ్మకం ప్రభుత్వ నియంత్రణలోకి. ప్రపంచంలో ఏ దేశమూ అంతకుముందు దేశమంతటికీ చేయని పని అది. గర్భస్రావం బిల్లుని అంతకుముందు 2008లో సొంత కూటమి అధ్యక్షుడు, వృత్తిరీత్యా డాక్టరైన వాస్కెస్ వీటో చేశాడని తెలిస్తే ఇవి ఒక్క సంతకంతో అయ్యే పనులు కావని అర్థమవుతుంది. గంజాయి చట్టానికైతే జనాభిప్రాయం కూడా అప్పట్లో వ్యతిరేకమే. ఆ మొక్క మీద ప్రేమతో తెచ్చింది కాదు, అమ్మేవాళ్ళ చేతిలోంచి మార్కెట్ లాక్కోవాలన్నది ఆయన వాదన.

భవనం నుంచి వస్తూ ఒక మందుల షాపులో ఆగాం. 2017 జులై నుంచి కొన్ని షాపుల్లో గంజాయి అమ్ముతున్నారు. పేరు నమోదు చేసుకున్న పౌరులు, శాశ్వత నివాసులకే, వేలిముద్ర పెట్టి, నెలకి 40 గ్రాములు మించకుండా. మా ముందున్న పెద్దమనిషి బీపీ మాత్రలు, దగ్గు మందు, ఒక చిన్న ప్యాకెట్ తీసుకుని వేలు పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఒక జలుబు మాత్రల షీటు కొనుక్కున్నాను.

ఆయన పాలన గురించి చెడ్డమాట కూడా ఇక్కడే చెప్పాలి. పేదరికం 18 శాతం చిల్లర నుంచి 10 శాతం లోపుకి దిగింది, నిజమే. సోయా, గొడ్డుమాంసం ధరలు ప్రపంచ మార్కెట్‌లో ఆకాశాన్ని అంటిన ఏళ్ళు అవి అన్నదీ నిజమే. బడులు బాగుచేస్తానన్న మాట నిలబెట్టుకోలేకపోయాడు. జాతీయ విమానసంస్థ ప్లూనా 2012లో మూతపడింది, ఆ గొడవలో ఆర్థికమంత్రి 2013లో రాజీనామా చేశాడు. నోటికి అదుపు తక్కువ. 2013లో మైకు ఆన్‌లో ఉందని తెలియక అర్జెంటీనా అధ్యక్షురాలిని, పోయిన ఆమె భర్తని కలిపి ఒక మాట అని, తర్వాత క్షమాపణ ఉత్తరం రాసుకోవాల్సి వచ్చింది.

సెనేట్ హాలు చూస్తుంటే 2020 అక్టోబర్ 20 గుర్తొచ్చింది. కోవిడ్ రోజులు. ఆ రోజు ముహీకా, హులియో మరియా సాంగినెత్తి ఇద్దరూ ఒకేసారి సెనేటర్ పదవులకి రాజీనామా చేసి కౌగలించుకున్నారు. ఆ ఫోటో నేను అప్పట్లో చూసి ఇద్దరు ముసలి మిత్రులనుకున్నాను. కాదు. ముహీకా తుపాకీ పట్టి తిరిగిన కాలంలో సాంగినెత్తి అవతలి ప్రభుత్వంలో మంత్రి. అదే సాంగినెత్తి 1985లో అధ్యక్షుడయ్యాక వచ్చిన క్షమాభిక్ష చట్టంతోనే ముహీకా బయటికొచ్చాడు. ఆ తర్వాత ముప్పై అయిదేళ్ళు ఒకరి మీద ఒకరు ఎన్నికల్లో కొట్లాడుకుంటూనే ఉన్నారు. ఫార్వర్డ్ చేయాలంటే బీటిల్ కారు కన్నా ఈ ఫోటో చేయాలి.

గురువారం

పాందో. మోంటెవిడియో నుంచి ముప్పై కిలోమీటర్ల చిల్లర, బస్సులో వెళ్ళాం. 1969 అక్టోబర్ 8న తుపామారోలు శవయాత్ర వేషంలో కార్లలో వచ్చి ఈ ఊరి పోలీస్ స్టేషన్, ఫైర్ స్టేషన్, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్, బ్యాంకులు పట్టుకున్నారు. ఎక్స్‌ఛేంజ్ పని ముహీకా జట్టుది, అది సాఫీగానే జరిగింది. తిరుగుదారిలోనే కాల్పులు, ముగ్గురు తుపామారోలు చనిపోయారు. ఇప్పుడు చూడటానికి మామూలు ఊరు, చెప్పుల షాపులు, బ్యాంకు ముందు క్యూ. వెంటనే తిరిగొచ్చాం.

శుక్రవారం

ఊరికి పడమట రింకోన్ దెల్ సెర్రో. బస్సు దిగాక మట్టిరోడ్డు, రెండు పక్కలా కూరగాయల మళ్ళు, అక్కడక్కడ ద్రాక్ష. ముహీకా పొలం గేటు దగ్గరికి వెళ్ళాం కానీ లోపలికి వెళ్ళలేదు. అది ఒకరి ఇల్లు. లూసియా గారు అక్కడే ఉంటారని విని తొంగిచూడబుద్ధి కాలేదు. రోడ్డు మీద నుంచే చెట్ల మధ్య రేకుల కప్పు కనిపిస్తుంది. అధ్యక్షుడిగా ఉన్న అయిదేళ్ళూ అధికార నివాసానికి మారకుండా ఇక్కడి నుంచే వెళ్ళొచ్చాడు. జీతంలో దాదాపు 90 శాతం ఇచ్చేసేవాడు, ఎక్కువ భాగం పేదల ఇళ్ళ పథకానికి. పేదవాడు అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు, అవసరాలు ఎక్కువున్నవాడే పేద అని ఎదురు చెప్పేవాడు.

మావాడికి ఒక సందేహం. "ఇదంతా ఇమేజ్ కోసం కాదంటావా బాబాయ్?"

"అయ్యుండొచ్చురా. కానీ ఇమేజ్ కోసమైతే 1985 నుంచీ ఇక్కడెందుకుంటాడు? అప్పుడు కెమెరాలెక్కడున్నాయి?"

వాడు సమాధానపడలేదు. నాకూ పూర్తిగా నమ్మకం లేదు. ఆ కారుకి ఎవరో అరబ్ షేక్ పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడన్న వార్త ప్రపంచమంతా తిరిగితే ఆయనకేం నష్టం కలగలేదు కదా. రాజకీయ నాయకుడు ఆయన, బొమ్మ విలువ తెలుసు.

గేటు కన్నా నాకు పక్కనున్న బడి నచ్చింది. పొలంలో కొంత ఇచ్చి ప్రభుత్వం చేత పెట్టించిన వ్యవసాయ పాఠశాల. సాయంత్రం బస్సు కోసం నిలబడ్డ ముగ్గురు అబ్బాయిల గమ్‌బూట్లకి బురద, ఒకడి చేతిలో నారు ట్రే. ఏం నారని అడిగితే పాలకూర లాంటిదేదో చూపించి, "మొలకలు సగం రాలేదు, మాస్టారు తిడతారు" అన్నాడు. ముహీకా గురించి అడిగితే ట్రాక్టర్ నడుపుతుంటే చూశామన్నారు, అంతకుమించి చెప్పడానికి వాళ్ళకేం లేదు.

2024 ఏప్రిల్‌లో అన్నవాహిక క్యాన్సరని ఆయనే ప్రకటించాడు. ఆ నవంబర్‌లో తను పెంచిన యమందూ ఓర్సి అధ్యక్షుడిగా గెలవడం చూశాడు. 2025 మే 13న ఇక్కడే పోయాడు, ఇంకో వారం ఉంటే తొంభై నిండేవి. బూడిదని ఈ పొలంలోనే, మూడు కాళ్ళ కుక్క మనుయేలాని పాతిపెట్టిన చెట్టు కిందే ఉంచమని ముందే చెప్పిపెట్టాడు.

శనివారం

పడవ మధ్యాహ్నం. పొద్దున్నే ఓనరమ్మ మాతే ఇచ్చింది, చేదుకి మొహం వికారంగా పెట్టకుండా ఉండటం కష్టం. ఓటు వేయడం తప్పనిసరైన దేశం కాబట్టి అడిగేశాను, 2009లో ఎవరికి వేశారని. లకాయెకి అంది, ఏ మాత్రం మొహమాటం లేకుండా. గర్భస్రావం చట్టం మంచిదే చేశాడట. గంజాయి తప్పట. ప్లూనా డబ్బుల సంగతి ఎత్తగానే గొంతు పెరిగింది, మావాడు తర్జుమా చేయడం మానేశాడు.

"మరి ఆయన అంతిమయాత్రకి వెళ్ళారా?" అని అడిగాను. శవపేటికని బండి మీద ఊరంతా ఊరేగించి శాసనసభ భవనంలో పెట్టిన రోజు. వెళ్ళిందట. లోపలి దాకా క్యూలో నిలబడిందట.

ఎందుకమ్మా అంటే పక్కింటావిడ వెళ్తుంటే తోడు వెళ్ళానంది. వెంటనే మాట మార్చి, రేవుకి టాక్సీ ఎక్కొద్దు, నూట ఇరవై రెండో ఇరవై ఒకటో బస్సు ఉంది, మూలమీద ఆగుతుంది, చిల్లర పెట్టుకోండి అని చెప్పి, నెంబరు సరిగ్గా ఏదో కనుక్కోవడానికి ఆ పక్కింటావిడనే కేకేసింది.